పని చెప్పు విధము

ఇల్లాలి దినము చెప్పుటతో నారంభమై చెప్పుటతోనే ముగియును. కూతునకు జెప్పవలయును, కోడలికి జెప్పవలయును, పనిమనిషికి జెప్పవలయును, బడికి బోవు పిల్లవానికి జెప్పవలయును. ఎన్నడును జేసి యెఱుగని పనిని మాటలచేత మాత్రమే విని చేయగలుగుట మనుష్యజాతికి గల గొప్ప సొత్తు. పక్షి తన పిల్లకు ఎగురుటను జూపును గాని, ఎట్లెగురవలయునో చెప్పజాలదు. తల్లి బిడ్డకు జెప్పగలదు. ఈ యొక్క శక్తి చేతనే వేయేండ్ల నాటి విద్య నేటి వంటయింట నిలిచి యున్నది.

అయినను ఒక్క మాటనే విన్న యిద్దరు బాలికలలో నొకతె చెప్పినంత మాత్రము చేసి నిలిచిపోవును. రెండవ యామె దానిని బట్టి చెప్పని పది పనులను గూడ చక్కబెట్టుకొనును. మొదటి యామె మందబుద్ధి యనియు, రెండవ యామె చురుకైనది యనియు మనము తీర్పు చెప్పి యూరకుందుము. ఈ తీర్పు పలుమారు తొందరపాటు. వినువారి బుద్ధితోపాటు చెప్పువారి తీరును గూడ విచారింపవలసి యున్నది. ఏ పనిలోనైనను పైకి కనబడు వరుస యొకటి, ఆ వరుసను నిలుపుచు లోపల నుండు పొందిక యొకటి కలవు. వరుసను మాత్రము చెప్పినచో నా పని యొక్కటియే వచ్చును. పొందిక తెలియునట్లు చెప్పినచో నా జాతి పనులన్నియు వచ్చును. ఈ వ్యాసమున సోదరీమణులకు నేను విన్నవింపదలచిన దింతియే.

ఈ విషయమును మన పూర్వులు మిక్కిలి లోతుగా జర్చించిరి. జైమిని సూత్రములు మొదలుకొని పెరిగిన పూర్వమీమాంస యొక విధముగా విధివాక్యముల యర్థమును నిర్ణయించు శాస్త్రమే. యజ్ఞముల ప్రస్తావన విని, యిది పండితులకే గాని మనకు బనికిరాదని తలపవలదు. “చేయవలయును” అను మాట చెవిని బడగానే వినువాని మనస్సున మూడు ప్రశ్నలు పుట్టునని మీమాంసకులు చెప్పుదురు. దేనిని సాధింపవలయును? దేనిచేత సాధింపవలయును? ఎట్లు సాధింపవలయును? వీనికే సాధ్యము, సాధనము, ఇతికర్తవ్యత అని పేరులు. మూడింటికిని బదులు దొరికినగాని విధి సంపూర్ణము కాదు. మన యిండ్లలో బని చెప్పునపుడు మూడవదానిని మాత్రము విస్తరించి చెప్పి, మొదటిదానిని విడిచిపెట్టుట పరిపాటి. “ఎందుకు” అని యడిగిన బాలికను గద్దించుట యంతకంటెను పరిపాటి.

మీమాంసకులు అంతటితో నిలువలేదు. ప్రతి కర్మకును అంగములన్నియు మరల మరల చెప్పబడి యుండవు. అమావాస్యా పౌర్ణమీ సంబంధములైన దర్శపూర్ణమాసములను సాంగముగా జెప్పి, తక్కిన యిష్టులను ఆ మాదిరి ననుసరించి నడుపుకొనవలయు నని నిర్ణయించిరి. మాదిరియైన కర్మకు ప్రకృతి యని పేరు. దానిని బట్టి నడుచుదానికి వికృతి యని పేరు. అక్కడి యంగములను ఇక్కడికి దెచ్చుకొనుట అతిదేశము. తెచ్చుకొనునపుడు మార్పవలసిన దానిని మార్పవలయును. మాదిరిలో నగ్నికి జెప్పిన మంత్రము వికృతిలో సూర్యునికి వచ్చినచో దేవత పేరు మార్చుకొనవలయును. దీనిని ఊహ యందురు.

ఇందులో ముచ్చటయైన యుదాహరణ మొకటి కలదు. మాదిరి యిష్టిలో వడ్లను రోట బోసి దంపుదురు. వేరొక యిష్టిలో ధాన్యమునకు బదులుగా కృష్ణలములు, అనగా గురువింద గింజయంత తూకముగల బంగారు తునుకలు, వాడవలసి వచ్చును. వానిని గూడ దంపవలయునా యని ప్రశ్న. అక్కరలేదని సిద్ధాంతము. దంపుట పొట్టు నూడ్చుటకు గదా! బంగారమునకు పొట్టు లేదు. ప్రయోజనము లేనిచోట బని నిలువదు. వరుసను మాత్రము నేర్చినవాడు బంగారమును గూడ రోటిలో బోసి దంపును. పొందిక నెఱిగినవాడు రోకలిని గోడకు జేరవేయును.

ఈ న్యాయము మన వంటయింట బ్రతిదినము పనికివచ్చును. ఆవకాయ పెట్టునపుడు కాయలను గడిగి, గుడ్డతో దుడిచి, యారబెట్టు మని పిల్లలకు జెప్పుదుము. తడి తగిలిన బూజు పట్టును, అందుచేత దుడువవలయు నని మఱొక్క మాట చేర్చినచో ఆ బాలిక కాయలను మాత్రమే కాక కత్తిని, జాడీని, గరిటెను, తన చేతులను గూడ దుడుచుకొనును. గోంగూర నిలువపచ్చడి పెట్టునాడు ఆకును నీడ నేల యారబెట్టవలయునో ఆమెకు మరల జెప్పనక్కరలేదు. ఏ పూటకు ఆ పూట తినివేయు దోసకాయ పచ్చడికి ఇంత శ్రమ యక్కరలేదనియు తానే గ్రహించును. ఒక్క “అందుచేత” ఆమెకు మూడు పనులను నేర్పినది. కారణము చెప్పని యింట మూడు పనులకు మూడు పాఠములు కావలసి యుండెను.

గణితమున నిట్టి పొందికకు చక్కని పేరులు పెట్టి యుంచినారు. క్రీ.శ. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలోను, మన పావులూరి మల్లన తెనిగించిన మహావీరాచార్యుని గణితమునందును త్రైరాశికము కలదు. ఇందు వస్తువుల పేరులు లేవు. వస్తువులు నిలుచు స్థానముల పేరులు మాత్రము కలవు. తెలిసిన కొలత ప్రమాణము, దానికి వచ్చునది ఫలము, మనకు గావలసిన కొలత ఇచ్ఛ. ప్రమాణమును ఇచ్ఛయు నొక జాతివి, ఫలము వేఱు జాతిది. ఫలమును ఇచ్ఛచే హెచ్చించి, ప్రమాణముచే భాగింపవలయును. 3 కిలోల చింతపండు 450 రూపాయలైనచో 7 కిలోలకు 1050 రూపాయలు. నలుగురికి 2 గ్లాసుల బియ్యమైనచో పదిమందికి 5 గ్లాసులు. చింతపండు మాఱినది, బియ్యము వచ్చినది. స్థానములు మాఱలేదు.

అయినను ఇక్కడ నొక గుంట కలదు. ఆరుగురు గల యింట బియ్యపు మూట 20 దినములు వచ్చినచో, ఎనమండుగురికి ఎన్ని దినములు వచ్చును? హెచ్చించుట, భాగించుట యను వరుసను మాత్రము నేర్చిన పిల్లవాడు 20ని 8చే హెచ్చించి 6చే భాగించి, యిరువదియారు దినములపై మూడింట రెండు వంతులని వ్రాయును. తినువారు హెచ్చినకొలది మూట యెక్కువ దినములు వచ్చునట! ఇల్లు నడుపు ఏ స్త్రీయైనను ఈ మాట విని నవ్వును. ఇది వ్యస్తత్రైరాశికము. ఇచ్చట నిచ్ఛ పెరిగినకొలది ఫలము తరుగును, కావున ప్రమాణముచే హెచ్చించి ఇచ్ఛచే భాగింపగా 15 దినములు వచ్చును. మా యింట సాయంతనము లెక్కలకు వచ్చు బాలికలకు నేను సూత్రమునకు ముందుగా నొక ప్రశ్న వేయుచుందును: “సమాధానము పెరుగవలయునా, తరుగవలయునా?” ఈ ప్రశ్నకు బదులు చెప్పగల బాలిక లెక్కను సగము చేసినదే. సూత్రము మఱచినను ఆమె దారి తప్పదు.

మాదిరి నొకటి చూపినంతనే వినువారు దానిని వేఱొక చోట వాడుకొందురా? ఈ ప్రశ్నను మేరీ గిక్, కీత్ హోలియోక్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున బరీక్షించి 1980లోను, 1983లోను ప్రకటించిరి. వారు కార్ల్ డంకర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కూర్చిన చిక్కుప్రశ్న నెన్నుకొనిరి. ఒకని కడుపులో గడ్డ కలదు. కిరణములతో దానిని నశింపజేయవచ్చును గాని, తగినంత బలమైన కిరణము దారిలోని మంచి కండను గూడ నశింపజేయును. బలహీనమైన కిరణము కండకు హాని చేయదు, గడ్డనును మాన్పదు. ఏమి చేయవలయును? నలుదెసల నుండి బలహీనములైన కిరణములను బంపి, అవి గడ్డ కడనే కలియునట్లు చేయుట పరిష్కారము. ఎట్టి సాయమును లేక దీనిని గనిపెట్టినవారు సుమారు పదింట నొక్కరు.

మఱికొందఱికి ముందుగా నొక కథ చదువ నిచ్చిరి. కోటకు బోవు దారులన్నిటను మందుపాతరలు కలవు. పెద్ద సేన నడచిన బ్రేలును, చిన్న గుంపు నడచిన బ్రేలదు. సేనాపతి సేనను చిన్న గుంపులుగా విభజించి, దారికొక గుంపును బంపి, కోట కడ నన్నిటిని గలిపి గెలిచెను. కథయు ప్రశ్నయు నొక్క పొందిక గలవే. అయినను కథ చదివి, దానిని తమంతట ప్రశ్నకు వాడుకొన్నవారు మూడింట నొక వంతు వఱకే. “మీరు చదివిన కథ పనికివచ్చును” అని యొక్క మాట చెప్పగానే నలుగురిలో సుమారు మువ్వురు పరిష్కారమును జెప్పిరి. తెలిసినదే వారికి సమయమునకు దోచలేదు. ఒకటికి బదులుగా వేఱు వేఱు వేషములు గల రెండు కథలు చెప్పి, రెంటికిని బోలిక యేమని యడిగినచో, తమంతట గ్రహించువారు హెచ్చిరి. ఒక్క ఉదాహరణమున వేషమును బొందికయు నతుకుకొని యుండును. రెండు ఉదాహరణములను ప్రక్క ప్రక్కన నుంచిన వేషము లూడిపోయి పొందిక మిగులును. చింతపండు లెక్క ప్రక్కన బియ్యపు లెక్క నుంచుటకు గల ప్రయోజన మిదియే.

ఇక చిన్న బిడ్డల మాట. “చెప్పిన మాట వినడు” అని మూడేండ్ల బిడ్డను గొట్టు తల్లులు చాలమంది కలరు. ఫిలిప్ జెలాజో మొదలగువారు 1996లో ప్రకటించిన పరీక్ష నిట్టి తల్లులు తెలిసికొనవలయును. బిడ్డ కెదుట బొమ్మల చీట్లుంచి, మొదట రంగును బట్టి వేఱు చేయు మందురు. బిడ్డ చక్కగా జేయును. పిదప, రంగు ఆట ముగిసినది, ఇక ఆకారమును బట్టి వేఱు చేయు మందురు. మూడేండ్ల బిడ్డలు పెక్కండ్రు రంగును బట్టియే చేయుచుందురు. ఇందులో విచిత్ర మేమనగా, ఈ యాకారము గలది యెక్కడ బెట్టవలయు నని యడిగిన సరిగా జూపుదురు. నియమము తెలిసియే యున్నది, చేయి మాత్రము పాత నియమమునే పట్టుకొన్నది. నాలుగైదేండ్లు వచ్చుసరికి ఈ చిక్కు చాల వఱకు దీరును. కావున అట్టి బిడ్డది మొండితనము కాదు, పరిపాకము చాలకుండుట. చేతిలోని చీటిని జూపి “ఇది యే ఆకారము?” అని యొక్కొక్క మారు గుర్తు చేసిన బిడ్డకు సాయమగును. దెబ్బ వలన ఏ సాయమును గలుగదు.

ఇంతవఱకు జెప్పినవి వంటయు లెక్కయు నాటలును. చెప్పుటలోని లోపము ప్రాణముల మీదికి దెచ్చు సందర్భము గూడ కలదు. అతిసారము పట్టిన బిడ్డలు చనిపోవుటకు ముఖ్యకారణము శరీరములోని నీరును, లవణములును వెడలిపోవుట. చక్కెరయు నుప్పును దగిన పాళ్లలో గలిపిన నీటిని త్రాగించినచో, ఆ రెండును గూడి పేగు గోడను దాటును, వాని వెంట నీరును బోవును. 1971లో బంగ్లాదేశ యుద్ధకాలమున బనగాఁవ్ శిబిరమున గలరా చెలరేగినపుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ నీటిని డ్రమ్ములలో నుంచి, రోగుల బంధువుల చేతనే త్రాగింపించెను. నూటికి ముప్పది వఱకు నుండిన మరణములు నాలుగింటికి లోబడినవి.

పిదప బంగ్లాదేశమున బ్రాక్ అను సంస్థ 1980 మొదలు 1990 వఱకు ఇల్లిల్లు దిరిగి, ఒక కోటి యిరువది లక్షలకు బైబడిన కుటుంబములలో దల్లులకు దీనిని నేర్పెను. తల్లులలో జదువు వచ్చినవారు తక్కువ. కావున కొలతలు చేతిలోనే యుంచిరి: మూడు వ్రేళ్ల చిటికెడుప్పు, పిడికెడు బెల్లము, అర సేరు నీరు. నేర్పు స్త్రీ తాను చేసి చూపుటతో నిలువక తల్లి చేతనే చేయించెడిది. కొంతకాలమునకు వేఱొకరు వచ్చి తల్లిని బ్రశ్నించి, యామె కెంత జ్ఞాపకమున్నదో దానిని బట్టియే నేర్పిన స్త్రీకి జీత మిచ్చెడివారు. చెప్పితిమా యని గాక, వచ్చినదా యని చూచుట యన నిదియే.

అయినను మొదట నొక వింత బయటపడెను. తల్లులకు గలుపుట చక్కగా వచ్చినది, కాని బిడ్డకు జబ్బు చేసినపుడు వాడువారు తక్కువ. విచారింపగా, నేర్పు స్త్రీలే తమకు విరేచనములైనపుడు దానిని వాడుట లేదని తెలిసినది. వారికి వరుస వచ్చినది గాని నమ్మకము రాలేదు. అంతట సంస్థవారు ఆ నీరెట్లు పనిచేయునో వారికి విశదపఱచిరి, ఇంటి మగవారితోను మాటలాడించిరి. వాడుక పెరిగెను.

ఈ నీటి విషయమున మొదటి ప్రశ్నయే ప్రధానము. దేనిని సాధింపవలయును? విరేచనములను గట్టుట యని తలచిన తల్లి, రెండు మారులు త్రాగించి, విరేచనములు నిలువకపోగా “ఇది పనిచేయలే”దని మానివేయును. పోయిన నీటిని మరల బోయుట యని తెలిసిన తల్లి, విరేచనమైనప్పు డెల్ల మరల త్రాగించును. ఇరువురును గలుపుట సమానముగా నేర్చినవారే. ఒకతె బిడ్డ వాడిపోవును, మఱొకతె బిడ్డ తేఱుకొనును. నడుమ నున్నది ఒక్క మాట.

ఏది మార్పవచ్చునో, ఏది మార్పరాదో యనునది రెండవ మాట. ఇంట గలుపునపుడు లీటరు శుభ్రమైన నీటికి, తలగొట్టిన చిన్న చెంచాలతో ఆరు చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును గలుపవలయు నని వైద్యులు చెప్పుదురు. అర లీటరు చాలునన్నచో మూడు చెంచాలు, పావు చెంచా. పాత్ర యేదైన నేమి? పాళ్లు మాఱరాదు. అంగడిలో దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లమును గూడ దానిపై వ్రాసిన కొలత నీటిలోనే పూర్తిగా గలుపవలయును. లీటరు పొట్లమును గ్లాసెడు నీటిలో బోసి యిచ్చిన నుప్పు మితిమీఱి పసిబిడ్డకు హాని కలుగును. “మందు చిక్కగా నున్న మేలు” అను తలంపు కషాయము నుండి తెచ్చుకొన్న అతిదేశము. ఇచ్చటి కది తగదు. చనుబాలను మాన్పరాదు. బిడ్డ కన్నులు లోతుకు బోయినను, త్రాగలేకున్నను, మలమున నెత్తురు పడినను వెంటనే వైద్యుని కడకు గొనిపోవలయును.

ఇక బని చెప్పునపుడు మనము పాటింపదగిన వానిని సంగ్రహముగా జెప్పెదను. మొదట బ్రయోజనమును జెప్పవలయును, అదియు నొక్క వాక్యమున. పిదప బనిని మూడు నాలుగు భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమునకు బేరు పెట్టవలయును. పదునాలుగు ముక్కలుగా జెప్పిన మాట మనస్సున నిలువదు. మార్పరానిది యేదియో, మార్పదగినది యేదియో వేఱుగా జెప్పవలయును. వేషము వేఱైన రెండవ యుదాహరణము నొకటి చూపి, “వీనికి బోలిక యేమి?” అని వారి నోటనే చెప్పింపవలయును. తుదకు జిన్న మార్పు చేసి, “ఇప్పు డేమి చేయుదువు?” అని యడుగవలయును. “తెలిసినదా?” యనినచో నందఱును దెలిసిన దనియే చెప్పుదురు. ఆ బదులునకు విలువ లేదు.

అయితే యన్నిటికిని గారణము మొదలే చెప్పుచు గూర్చుండు మని నా యభిప్రాయము కాదు. పొయ్యి వైపు పరుగిడు బిడ్డకు “ఆగుము” అను మాటయే చాలును. కారణము పిదప జెప్పవచ్చును. పిదప నైనను జెప్పకుండుటయే లోపము.

మన యిండ్లలో “చెప్పినట్లు చేయుము” అనుట పెద్దఱికమునకును, “ఎందుకండీ అత్తయ్యా?” యనుట ధిక్కారమునకును గుర్తులుగా బహుకాలము చెల్లినవి. ఎందుకని యడుగు కోడలు తన యత్తగారి నెదిరించుట లేదు. ఆమె నలువదేండ్ల యనుభవములో వరుసను మాత్రమే గాక పొందికను గూడ నాకిమ్మని చేయి చాచుచున్నది. అట్టి చేతిని త్రోసివేసినచో మన పనితన మంతయు మనతోనే పోవును. మీమాంసకులు వినువాని మనస్సున మూడు ప్రశ్నలు పుట్టుట సహజమని చెప్పిరి గాని, అవి తప్పని యెక్కడను జెప్పలేదు. కావున సోదరీమణులారా, ఇంటి పిల్ల “ఎందుకు?” అని యడిగినపుడు, ఆమె నేర్చుకొనుచున్నదని సంతోషించి బదులు చెప్పుదము.